థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, మద్యం: ఒకదాని పనిని మరొకటి ఎలా మారుస్తుంది?

నిత్యజిజ్ఞాసి

అందరికీ నమస్కారం. థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పనిచేస్తోందని తేలినప్పటి నుంచి నేను రోజూ ఉదయం పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నాను. థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ చాలాకాలం అదుపులోనే ఉంది. ఈ మధ్య రక్తహీనత ఉందని ఐరన్ మాత్రలూ, ఎముకల బలానికి కాల్షియం మాత్రలూ రాశారు. అన్నీ ఒకే వేళకు వేసుకుంటే ఏదీ మరిచిపోనని మూడింటినీ కలిపి ఉదయమే మింగి, ఆ వెంటనే కాఫీ తాగుతున్నాను. ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. అయినా తాజా పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా పెరిగినట్లు వచ్చింది. మోతాదు పెంచాల్సి రావచ్చని చెప్పారు.

దీనితోపాటు ఇంకొక ఆందోళన ఉంది. మా మామగారు మధుమేహానికి మాత్రలు వాడుతూ సాయంత్రం పూట మద్యం కూడా తీసుకుంటారు. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో ఇంట్లో ఎవరికీ స్పష్టంగా తెలియదు. హార్మోన్, మందు, మద్యం, పోషకం అని మనం విడివిడిగా అనుకునేవి ఒంట్లోకి వెళ్లాక ఒకదాని పనిలో మరొకటి ఎంతవరకు కలగజేసుకుంటాయో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఔషధశాస్త్ర ఉపాధ్యాయుడు

నిత్యజిజ్ఞాసి గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మొదట అనుమానించవలసింది మోతాదును కాదు, మాత్రలు వేసుకునే వేళను. మింగిన థైరాక్సిన్ చిన్నపేగులో రక్తంలోకి చేరాలి. పరగడుపున ఒంటరిగా వేసుకున్నప్పుడే అందులో సుమారు 70 నుంచి 80 శాతం లోపలికి వెళుతుంది. ఐరన్, కాల్షియం పక్కనే ఉంటే థైరాక్సిన్ వాటికి అతుక్కుని, పేగు గోడ దాటలేని ముద్దగా మారి మలంతో బయటికి పోతుంది. అంటే మీరు మాత్ర మానకపోయినా, రక్తానికి మాత్రం అందులో కొంత భాగమే అందుతోంది. కాఫీ కూడా ఈ శోషణను తగ్గిస్తుంది. ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్ వంటి మాత్రలు కూడా జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించి, మాత్ర సరిగా కరగకుండా చేస్తాయి. అలాంటివి వాడుతుంటే మీ డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ఆచరణలో చేయవలసింది కష్టమైనది కాదు. థైరాక్సిన్ నీళ్లతో ఒక్కటే వేసుకోవాలి. కాఫీకి, అల్పాహారానికి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఆ రెండింటిని కూడా ఒకే వేళ వేసుకోకండి, ఎందుకంటే కాల్షియం ఐరన్ శోషణకు కూడా అడ్డు వస్తుంది.

టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుందో కూడా అర్థం చేసుకోవడం మంచిది. అది థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చేది కాదు, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వస్తుంది. రక్తంలో థైరాక్సిన్ తగ్గినట్లు పీయూష గ్రంథి గుర్తిస్తే, థైరాయిడ్‌ను ఇంకా పని చేయమని హెచ్చు టీఎస్‌హెచ్ పంపుతుంది. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందువల్ల ఈ రోజు వేళలు మార్చుకుంటే రక్తంలో కొత్త స్థాయి స్థిరపడటానికి వారాలు పడుతుంది. మరుసటి పరీక్ష 6 నుంచి 8 వారాల తరువాతే చేయించాలి. ఆలోపు చేయిస్తే వచ్చే అంకెను నమ్మి మోతాదు మార్చడం వల్ల అయోమయం పెరుగుతుందే తప్ప తగ్గదు.

పోషకాల ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. మాత్రలో ఉండేది టీ4 అనే రూపం. కణాల లోపల ఎక్కువగా పనిచేసేది టీ3. టీ4 నుంచి ఒక అయోడిన్ పరమాణువును తొలగించి టీ3గా మార్చే ఎంజైములు సెలీనియం లేకుండా పనిచేయవు. అసలు ఆ హార్మోన్ తయారు కావడానికే అయోడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, కానీ అది కూడా అందకపోతే గ్రంథి వాచి గొంతు ముందు భాగం ఉబ్బుతుంది. మీరు అడిగిన ప్రశ్నకు ఈ ఒక్క హార్మోనే మంచి ఉదాహరణ: ఒక ఖనిజంతో తయారై, మరొక ఖనిజం సాయంతో పనిలోకి దిగి, ఇంకొక ఖనిజం పక్కన ఉంటే పేగులోనే ఆగిపోతుంది.

రక్తపరీక్షల గది

నేను ప్రయోగశాలలో పనిచేస్తాను. పై వివరణకు పరీక్షల వైపు నుంచి రెండు విషయాలు చేర్చాలని ఉంది.

మొదటిది బయోటిన్. జుట్టు, గోళ్ల కోసమని అమ్మే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉండటం మామూలే. ఒంటికి రోజుకు కావలసింది కొన్ని పదుల మైక్రోగ్రాములే. ఇంత హెచ్చు బయోటిన్ ఆరోగ్యానికి నేరుగా హాని చేయకపోవచ్చు కానీ, అనేక హార్మోన్ పరీక్షల్లో వాడే రసాయన పద్ధతి బయోటిన్ మీదే ఆధారపడి ఉంటుంది. నమూనాలో బయోటిన్ నిండి ఉంటే యంత్రం టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుంది. అప్పుడు థైరాయిడ్ తక్కువగా ఉన్న మనిషి కాగితం మీద థైరాయిడ్ ఎక్కువైన రోగిలా కనబడతారు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షలు కొన్నింటిలో కూడా ఇలాగే తప్పుడు తక్కువ అంకె వస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీని మీద బహిరంగ హెచ్చరిక జారీ చేసింది. నిత్యజిజ్ఞాసి గారూ, అలాంటి మాత్రలేమైనా వాడుతుంటే మీ నిజమైన టీఎస్‌హెచ్ కాగితం మీద ఉన్నదానికంటే ఎక్కువ కావచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపి, ఆ సంగతి రక్తం తీసేవారికి చెప్పండి.

రెండవది, థైరాయిడ్ పరీక్ష రోజున రక్తం ఇచ్చిన తరువాతే ఉదయం మాత్ర వేసుకోవడం మంచిది. మాత్ర వేసుకున్న తరువాత కొన్ని గంటల పాటు రక్తంలో టీ4 తాత్కాలికంగా పైకి లేస్తుంది.

ప్రకృతి ప్రియుడు

ఇంత భయపడవలసిన అవసరం ఉందా అన్నది నా సందేహం. మందులు బయటివి, వాటి పట్ల జాగ్రత్త ఉండాలంటే ఒప్పుకుంటాను. కానీ విటమిన్లు, ఖనిజాలు మన ఒంటికి పుట్టుకతో అలవాటైనవే కదా. ఎక్కువైతే మూత్రంలో పోతాయని చదివాను. ఐరన్ తగ్గినవారు రెట్టింపు వేసుకుంటే త్వరగా కోలుకోవాలి గదా?

జనరల్ ఫిజీషియన్

ప్రకృతి ప్రియుడు గారూ, మీ ప్రశ్న చాలామంది మనసులో ఉండేదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఎక్కువైనది మూత్రంలో పోతుందన్న మాట నీటిలో కరిగే కొన్ని విటమిన్లకు మాత్రమే వర్తిస్తుంది. వాటిలో కూడా బీ6ను పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే పాదాల్లో తిమ్మిరి, నడకలో తూలుడు వచ్చేంతగా నరాలు దెబ్బతింటాయి. విటమిన్ ఏ, డీ కొవ్వులో కరిగి కాలేయంలోనూ కొవ్వు కణజాలంలోనూ నిలవ ఉంటాయి. విటమిన్ డీని అసలు హార్మోన్ అని పిలవడమే సబబు. ఎండ తగిలిన చర్మంలో పుట్టి, కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో ఇంకొకసారి మార్పు చెంది, రక్తంలో ప్రయాణించి, పేగు కణాల కేంద్రకంలోకి వెళ్లి కాల్షియం శోషణకు కావలసిన జన్యువులను పనిలోకి దింపుతుంది. అది మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు, చివరికి మూత్రపిండాల వైఫల్యం దాకా వెళ్లినవారున్నారు. వారానికి ఒకటి వేసుకోమన్న పెద్ద మోతాదు మాత్రను రోజూ వేసుకోవడం వల్లనే ఇలా జరగడం నేను ఎక్కువగా చూశాను. చీటీ మీద రాసింది రోగికి అర్థమైందో లేదో ఒక్కసారి అడిగి ఉంటే ఆ ప్రమాదం తప్పేదన్న బాధ ప్రతిసారీ కలుగుతుంది.

ఇక ఐరన్. పెద్దవారి ఒంట్లో మొత్తం 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. రోజుకు పేగు నుంచి లోపలికి చేరేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే మార్గమంటూ మన ఒంటికి లేదు. అందుకే లోపలికి రానిచ్చే చోటనే కాపలా ఉంటుంది. ఆ కాపలా కాసేది కూడా ఒక హార్మోనే. కాలేయం తయారు చేసే హెప్సిడిన్ అనే చిన్న ప్రోటీన్, పేగు కణాల నుంచి రక్తంలోకి ఇనుము వెళ్లే ద్వారాలను మూసివేస్తుంది. ఒక ఐరన్ మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ పెరిగి, దాదాపు ఒక రోజు పాటు అలాగే ఉంటుంది. ఆ సమయంలో ఇంకొక మాత్ర వేసుకుంటే అందులో చాలా భాగం పేగులోనే మిగిలిపోయి కడుపునొప్పి, మలబద్ధకం కలిగిస్తుంది. రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు ఒక్కొక్క మాత్ర నుంచి ఎక్కువ శాతం ఇనుము లోపలికి వెళుతుందని గత దశాబ్దంలో ఐరన్ తక్కువగా ఉన్న స్త్రీల మీద చేసిన పరిశోధనలు చూపాయి. కాబట్టి రెట్టింపు వేసుకుంటే త్వరగా కోలుకోవడం జరగదు. ఎవరికి ఏ పద్ధతి సరిపడుతుందో రక్తహీనత తీవ్రతను బట్టి డాక్టరు నిర్ణయించాలి.

దీనికి మద్యంతో ఉన్న సంబంధం కూడా చెప్పాలి. ఎడతెగని తాగుడు కాలేయంలో హెప్సిడిన్ తయారీని అణచివేస్తుంది. కాపలా లేని ద్వారాల గుండా ఇనుము అవసరానికి మించి లోపలికి వచ్చి, అప్పటికే మద్యంతో దెబ్బతింటున్న కాలేయంలో పేరుకుని, దాన్ని ఇంకా పాడు చేస్తుంది. రోజూ తాగేవారు బలం కోసమని సొంతంగా ఐరన్ మాత్రలు వాడటం ఈ కారణంగానే మంచిది కాదు.

నిత్యజిజ్ఞాసి

డాక్టరుగారికి ధన్యవాదాలు. మా మామగారి విషయం కూడా దయచేసి చెప్పండి. ఆయన గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ వాడుతున్నారు. మద్యం తీసుకున్న రోజున ఆయనకు భోజనం సరిగా సహించదు. మరునాడు తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయని ఒకటి రెండు సార్లు అన్నారు.

జనరల్ ఫిజీషియన్

ఆ చెమటలను తేలికగా తీసుకోవద్దు. అవి రక్తంలో చక్కెర పడిపోవడానికి సూచన కావచ్చు.

భోజనం లేని వేళల్లో రక్తంలో చక్కెర తగ్గకుండా కాపాడేది కాలేయం. అందుకు దానికి రెండు మార్గాలు ఉన్నాయి. గ్లైకోజన్ రూపంలో దాచుకున్న చక్కెరను విడుదల చేయడం ఒకటి, లాక్టేట్, అమైనో ఆమ్లాల వంటి వాటి నుంచి కొత్తగా గ్లూకోజ్ తయారు చేయడం రెండవది. మద్యం వచ్చినప్పుడు కాలేయం మిగతా పనులు పక్కన పెట్టి ముందు దాన్ని విరగగొట్టడానికి పూనుకుంటుంది. ఆ క్రమంలో కణాల్లోని రసాయన సమతూకం మారిపోయి రెండవ మార్గం బాగా మందగిస్తుంది. సరిగా తినని మనిషిలో గ్లైకోజన్ నిల్వ కూడా పలచబడి ఉంటుంది. మరోవైపు గ్లిమిపిరైడ్, రక్తంలో చక్కెర ఎంత ఉందన్నది చూడకుండానే, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. రావలసిన చక్కెర రాదు, ఉన్న చక్కెర కణాల్లోకి వెళ్లిపోతూ ఉంటుంది. ఇది తాగిన గంటలోనే జరగాలని లేదు. చాలాసార్లు నిద్రలో, తెల్లవారుజామున, మరునాడు ఉదయం జరుగుతుంది.

ఇందులో ప్రాణాపాయం ఎక్కడుందంటే, చక్కెర పడిపోయిన మనిషి మాట తడబడటం, అడుగు తూలడం, చిరాకు, మగత అన్నీ తాగిన మనిషి లక్షణాల్లాగే ఉంటాయి. పక్కనున్నవారు మత్తులో ఉన్నాడులే అని పడుకోబెడతారు. ఇంట్లో గ్లూకోమీటరు ఉంచండి. అలాంటి లక్షణం కనబడితే ముందు వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మనిషి స్పృహలో ఉంటే వెంటనే సుమారు 15 గ్రాముల గ్లూకోజ్ నీటిలో కలిపి ఇచ్చి, పావుగంట తరువాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇలాంటివారికి ఇచ్చే గ్లూకగాన్ ఇంజెక్షను కాలేయంలోని గ్లైకోజన్‌నే విడుదల చేయిస్తుంది కాబట్టి, తాగి తినకుండా ఉన్న మనిషిలో అది ఆశించినంతగా పనిచేయకపోవచ్చు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ఇలా పడిపోవడం అరుదు. అయితే అతిగా తాగినప్పుడు రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 కూడా తగ్గుతుంది. అరికాళ్ల మంటలు ఉంటే అవి మధుమేహం వల్లనే అనుకోకుండా బీ12 పరీక్ష చేయించండి.

వార్డు నర్సు

మద్యం మానిపించే వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్నాను. పైన చదివిన తరువాత ఎవరైనా ఇంట్లోని పెద్దవారి చేత ఈ రాత్రికి రాత్రే మద్యం మాన్పించాలని అనుకోవచ్చు. అప్పుడప్పుడు తాగేవారికి ఇబ్బంది లేదు. రోజూ ఎక్కువగా తాగేవారి విషయం వేరు.

మద్యం మెదడులో నరాల వేగాన్ని తగ్గించే గాబా వ్యవస్థకు ఊతమిచ్చి, ఉత్తేజపరిచే గ్లుటమేట్‌ను అణచివేస్తుంది. ఇది రోజూ జరిగితే మెదడు సర్దుకుంటుంది. తనలోని నెమ్మదింపును తగ్గించుకుని ఉత్తేజాన్ని పెంచుకుంటుంది. ఆ స్థితిలో మద్యం హఠాత్తుగా ఆగిపోతే మిగిలేది అదుపులేని ఉత్తేజమే. చివరి గుటక తరువాత 6 నుంచి 8 గంటల్లో చేతులు వణకడం మొదలవుతుంది. మూర్ఛలు వచ్చేది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో. రెండవ రోజు నుంచి నాలుగవ రోజు లోపల కొందరిలో జ్వరం, విపరీతమైన చెమట, లేనివి కనబడటం, ఎక్కడ ఉన్నారో తెలియకపోవడం వంటి ప్రమాదకర స్థితి వస్తుంది. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే అలాంటివారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

వార్డులో రోగి చేరగానే మేము చేసే పని ఒకటి చెబుతాను. మంచం పక్కన నిలబడి, తల కదపకుండా కళ్లతో మాత్రం నా వేలిని అనుసరించమంటాను. వేలిని ఒక పక్కకు జరిపినప్పుడు కొందరి కనుగుడ్లు చివరిదాకా వెళ్లలేక మధ్యలోనే అదురుతూ ఆగిపోతాయి. ఆ తరువాత మంచం దిగి నాలుగు అడుగులు వేయమంటే కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తారు. తేదీ అడిగితే పొంతన లేని జవాబు వస్తుంది. చూసినవారికి ఇది ఇంకా దిగని మత్తులా ఉంటుంది. అది బీ1 విటమిన్, అంటే థయమిన్ లోపం వల్ల మెదడుకు జరుగుతున్న హాని కావచ్చు. కార్ల్ వెర్నికే 1881లోనే దీన్ని వర్ణించారు. మూడు లక్షణాలూ ఒకే మనిషిలో కలిసి కనబడటం తక్కువ కాబట్టి, ఒక్కటి కనబడినా మేము ఆగము.

ఒంట్లో థయమిన్ నిల్వ 30 మిల్లీగ్రాములకు మించదు. అది రెండు మూడు వారాల్లో హరించుకుపోతుంది. తాగేవారు సరిగా తినరు, తిన్న దాంట్లోని థయమిన్‌ను పేగు తీసుకోకుండా మద్యం అడ్డుకుంటుంది, తీసుకున్నదాన్ని నిలవ ఉంచుకునే శక్తి కాలేయానికి తగ్గిపోతుంది. గ్లూకోజ్ నుంచి శక్తి తీయడానికి కావలసిన ఎంజైములకు థయమిన్ తప్పనిసరి. అందుకే థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ మాత్రమే ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు. ముందు థయమిన్ ఇంజెక్షను ఇచ్చి, తరువాత గానీ దానితోపాటు గానీ గ్లూకోజ్ ఇస్తాము. చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజ్‌ను ఆలస్యం చేయము. మెగ్నీషియం తక్కువగా ఉంటే థయమిన్ ఇచ్చినా ఫలితం సరిగా ఉండదు, కాబట్టి దాన్నీ సరిచేయాలి. సకాలంలో ఇస్తే అదిరే కనుగుడ్లు గంటల్లో కుదుటపడటం నేను చూశాను. ఆలస్యమైతే కొత్త విషయాలేవీ గుర్తుండని స్థితి శాశ్వతంగా మిగిలిపోవచ్చు. తక్కువ ఖర్చుతో తప్పించగల ఈ నష్టం ఇప్పటికీ జరుగుతూ ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

కొత్త సభ్యురాలు

మద్యం తీసుకున్న మరునాడు తలనొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చా? కొందరు అసలు వద్దంటారు, కొందరు ఏమీ కాదంటారు.

ఔషధశాస్త్ర ఉపాధ్యాయుడు

రెండు మాటలకూ ఆధారం ఉంది, మనిషిని బట్టి జవాబు మారుతుంది. పారాసిటమాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం హాని లేని రూపంలోకి మార్చి మూత్రంలోకి పంపుతుంది. కొద్ది భాగం మాత్రం సైప్ 2ఈ1 అనే ఎంజైము చేతిలో పడి విషపదార్థంగా మారుతుంది. కాలేయ కణాల్లో ఉండే గ్లుటాథయోన్ దాన్ని వెంటనే నిర్వీర్యం చేస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారు రోజుకు 4 గ్రాములు దాటనంతవరకు ఈ ఏర్పాటు సరిపోతుంది. రోజూ తాగేవారిలో మద్యం ఆ ఎంజైమును పెంచుతుంది, సరైన తిండి లేక గ్లుటాథయోన్ తగ్గిపోతుంది. విషం ఎక్కువగా పుట్టి, విరుగుడు తక్కువైన కాలేయానికి మామూలు మోతాదే భారం కావచ్చు. కాబట్టి ఎప్పుడో ఒకసారి తీసుకునేవారు ఒక మాత్ర వేసుకుంటే సాధారణంగా ప్రమాదం ఉండదు. రోజూ తాగేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మోతాదు మించి వేసుకున్నవారు మొదటి రోజు బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. ఆ బాగుదనాన్ని నమ్మకూడదు. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మొదటి 8 గంటల్లో ఇచ్చినప్పుడే బాగా పనిచేస్తుంది.

కాలేయ ఎంజైముల మాట వచ్చింది కాబట్టి, హార్మోన్లకు సంబంధించి ఆడవారందరికీ తెలియవలసిన విషయం ఒకటి ఉంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ సైప్ 3ఏ4 అనే ఎంజైమును బాగా పెంచుతుంది. గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్లు అదే ఎంజైము ద్వారా విచ్ఛిన్నమవుతాయి కాబట్టి, రెండూ వాడుతున్నప్పుడు మాత్ర ఉన్నా గర్భం రావచ్చు. రిఫాంపిసిన్ ఆపిన తరువాత కూడా సుమారు నాలుగు వారాల వరకు వేరే పద్ధతి పాటించాలి. పొగ మానేసినవారిలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పొగలోని పదార్థాలు మరొక ఎంజైమును పెంచి ఉంచుతాయి. పొగ ఆగిపోగానే ఆ ఎంజైము తగ్గి, క్లోజపిన్ (మానసిక వ్యాధికి వాడేది), థియోఫిలిన్ (ఉబ్బసానికి వాడేది) వంటి మందుల స్థాయి అదే మోతాదుకు పెరిగిపోతుంది. ఇది నికోటిన్ వల్ల వచ్చే మార్పు కాదు కాబట్టి నికోటిన్ బిళ్లలు వాడుతున్నా జరుగుతుంది. పొగ మానడం ఎంతైనా మంచిదే, కానీ ఆ మందులు వాడేవారు మానే ముందు డాక్టరుకు చెప్పాలి.

ప్రకృతి ప్రియుడు

హెప్సిడిన్ గురించి డాక్టరుగారు రాసినది నాకు చాలా ఉపయోగపడింది. ఇంకొకటి అడగాలని ఉంది. మితంగా తాగితే గుండెకు మంచిదని చాలా చోట్ల చదివాము. అందులో నిజమెంత?

జనరల్ ఫిజీషియన్

ఆ మాటకు ఆధారమైన పాత అధ్యయనాల్లో అసలు తాగనివారినీ, జబ్బు చేసి తాగడం మానేసినవారినీ ఒకే గుంపులో లెక్కించడం వల్ల, తాగనివారి ఆరోగ్యం ఉన్నదానికంటే అధ్వానంగా కనిపించింది. ఆ లోపాన్ని సరిచేసి చూసినప్పుడు మేలు చాలావరకు కనుమరుగైంది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. మద్యం విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ డీఎన్ఏను దెబ్బతీస్తుంది, మద్యం ఈస్ట్రోజెన్ స్థాయిని పెంచడం ద్వారా రొమ్ము క్యాన్సర్‌కు కూడా దోహదం చేస్తుంది. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. గుండె కోసమని తాగడం మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

కొత్త సభ్యురాలు

ఇంకొక ప్రశ్న. కీళ్లవాతానికి కొన్ని నెలలుగా ప్రెడ్నిసొలోన్ వాడుతున్నాను. ముఖం ఉబ్బింది, చక్కెర పెరిగింది. ఇంక మానేద్దామనుకుంటున్నాను.

జనరల్ ఫిజీషియన్

దయచేసి హఠాత్తుగా మానవద్దు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. ఉదయం లేచే వేళకు అది గరిష్ఠంగా, అర్ధరాత్రి వేళకు కనిష్ఠంగా ఉంటుంది. రక్తపోటును, చక్కెరను నిలిపి ఉంచడానికీ, జ్వరం, గాయం వంటి ఒత్తిడిని తట్టుకోవడానికీ అది తప్పనిసరి. మీరు వేసుకునే ప్రెడ్నిసొలోన్ అదే హార్మోన్‌కు కృత్రిమ రూపం. బయటి నుంచి పుష్కలంగా వస్తున్నప్పుడు పీయూష గ్రంథి అడ్రినల్ గ్రంథులకు ఆదేశాలు పంపడం తగ్గిస్తుంది, అవి క్రమంగా కుంచించుకుపోతాయి. మూడు నాలుగు వారాలకు మించి వాడిన తరువాత ఒక్కసారిగా ఆపితే, ఒంట్లో కార్టిసాల్ లేని స్థితి వస్తుంది. తీవ్రమైన నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం, స్పృహ కోల్పోవడం దాకా వెళ్లవచ్చు. గ్రంథులు తిరిగి పూర్తిగా పనిలోకి రావడానికి నెలలు పడుతుంది. అందుకే మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తారు. తగ్గించే కాలంలో జ్వరం వచ్చినా, ఆపరేషను చేయవలసి వచ్చినా తాత్కాలికంగా మోతాదు పెంచవలసి రావచ్చు. కాబట్టి ఈ మాత్ర వాడుతున్నట్లు రాసిన కాగితం ఎప్పుడూ మీ దగ్గర ఉండాలి. ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం మీ కీళ్లవాత వైద్యునికి చెప్పండి. మోతాదు తగ్గించడానికి వీలుగా వేరే మందులు చేర్చే మార్గం ఉంది. ఈలోగా ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డీ రాశారో లేదో కూడా అడగండి, ఎందుకంటే ఈ మాత్ర ఎముకను పలచన చేస్తుంది.

నిత్యజిజ్ఞాసి

అందరికీ కృతజ్ఞతలు. మామగారి చేత డాక్టరును కలిపించి, తెల్లవారుజాము చెమటల సంగతి, మద్యం సంగతి దాచకుండా చెప్పిస్తాము. గ్లూకోమీటరు కూడా కొన్నాము. నా విషయంలో చివరి సందేహం ఒకటి మిగిలింది. ఉదయం పూట హడావుడిలో కాఫీకి గంట ఆగడం కష్టంగా ఉంది. థైరాక్సిన్‌ను రాత్రి వేసుకోవచ్చా?

ఔషధశాస్త్ర ఉపాధ్యాయుడు

వేసుకోవచ్చు. చివరి భోజనం తరువాత కనీసం 3 గంటలు గడిచి ఉండాలి, రాత్రి పూట కాల్షియం గానీ ఐరన్ గానీ ఉండకూడదు. అప్పుడు ఐరన్‌ను ఉదయం పరగడుపున, కాల్షియంను మధ్యాహ్న భోజనంతో వేసుకుంటే మూడూ ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఐరన్‌కు కూడా కాఫీ, టీ అడ్డు వస్తాయి కాబట్టి కనీసం గంట ఎడం పాటించక తప్పదు. ఉదయం అది కుదరకపోతే, కాఫీకి దూరంగా ఉన్న మరొక వేళకు ఐరన్‌ను మార్చుకోండి. ఏ వేళ ఎంచుకున్నా దాన్నే నిలకడగా పాటించి, 6 నుంచి 8 వారాల తరువాత అదే ప్రయోగశాలలో టీఎస్‌హెచ్ చేయించండి. మోతాదు పెంచాలా వద్దా అన్నది ఆ అంకెను చూసి మీ డాక్టరుగారు నిర్ణయిస్తారు. ఈ మధ్యలో గర్భం దాల్చినా, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మొదలుపెట్టినా అన్ని వారాలు ఆగకుండా వెంటనే చెప్పండి. ఆ రెండు సందర్భాల్లోనూ థైరాక్సిన్ అవసరం పెరుగుతుంది.